బొమ్మతో పాటు చీటీ కూడా!

1995లో హబుల్ టెలిస్కోపు తీసిన ఈగిల్ నెబ్యులా ఫొటో మీరు చూసే ఉంటారు. ధూళి స్తంభాల చుట్టూ ఆకుపచ్చని వెలుగు! కంటికి అలాగే కనిపిస్తుందా? కనిపించదు. అక్కడ హైడ్రోజన్, గంధకం రెండింటి కాంతీ ఎరుపే. రెంటినీ విడదీసి చూపడానికి హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, గంధకానికి ఎరుపు, ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు. ఇది మోసం కాదు, ఉపాయం.

అయితే ఆ సంగతి చూసేవారికి తెలియాలి కదా! అందుకే టెలిస్కోపు పేరు, వాడిన ఫిల్టర్లు, వేసిన రంగులు, ఆకాశంలో చోటు ఫొటో ఫైలులోనే రాసి ఉంచే ఉమ్మడి పద్ధతి ఒకటి ఉంది. పేరు ఆస్ట్రానమీ విజువలైజేషన్ మెటాడేటా, పొట్టిగా ఎ.వి.ఎం. (సినిమా కంపెనీ కాదు!) మనమేమో స్క్రీన్‌షాట్ తీసి పంపి, ఆ చీటీని చింపి పారేస్తున్నాం. చీటీ పోయాక అది క్యాలెండరు బొమ్మే. మీ గోడపత్రికలో అంటించే ముందు ఆ నాలుగు వివరాలూ కింద రాయాలని నా పట్టు.