తుఫానుకు మినహాయింపు, కూలీకి కోత

2013 అక్టోబర్ 12 రాత్రి పైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. బరంపురంలో కరెంటు పోయింది, ఫోన్లూ పోయాయి. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఊళ్లో ఇంటివాళ్లు బతికున్నారో లేదో తెలుసుకోవడానికి వాళ్లకున్న ఒకే దారి ఆ ఫోను. అది మూగబోయింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర ఒడ్డుకొచ్చి శ్రీకాకుళంతో పాటు గంజాం, గజపతి జిల్లాలనూ కొట్టినప్పుడు మళ్లీ అదే గోస.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఒక్కటే. ఇప్పుడు కూలీ డబ్బులు కూడా ఆ ఫోనులోనే ఉన్నాయి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో యాప్ హాజరు తప్పనిసరి చేశారు. పని దగ్గర నిలబెట్టి రోజుకు రెండుసార్లు ఫొటో తీస్తారు, అది ఎక్కితేనే మస్టరు. రేషన్ షాపులో వేలిముద్ర యంత్రానికీ సిగ్నల్ కావాలి. బరంపురం గేట్‌బజార్‌లో బండి మీద తిండి పొట్లాలు మోసే కుర్రాడికి ఆర్డరు మోగకపోతే ఆ పూట సంపాదన సున్నా. ఇంట్లో కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి పని చేసే ఉద్యోగి లాగిన్ కాలేకపోతే ఆ రోజు సెలవులోంచి కోసుకుంటారు. పని చేయడానికి చేతులు సిద్ధంగా ఉన్నా కూలీ పోతుంది!

ఇదంతా దైవాధీనం అంటే నేను ఒప్పుకోను. కరెంటు పోతే టవర్‌ని బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది. తర్వాత డీజిల్ పోయాలి. చెట్లు పడి రోడ్డు మూసుకుంటే డీజిల్ చేరదు. చాలాచోట్ల టవర్ నిక్షేపంగా నిలబడే ఉంటుంది, ఫోనే పలకదు. ఎన్ని గంటల బ్యాటరీ పెట్టాలి, తుఫాను కబురు వచ్చిన రోజే ఎంత డీజిల్ దింపాలి అన్నది మనుషులు వేసే లెక్క. ఆ లెక్క పొదుపుగా వేస్తే మిగిలేది కంపెనీకి, మునిగేది కూలీకి.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో కొత్త నిబంధనలు తెచ్చింది. జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలు మించి పడిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు ఆ రోజుల అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పెంచాలి. ఒక రోజు రీచార్జి విలువ ఎంత? పదో పన్నెండో రూపాయలు. పోయిన రోజు కూలీ ముందు అది ఏ మూలకు? ఆ పది రూపాయలకు కూడా మెలిక పెట్టారు: ప్రకృతి వైపరీత్యం వల్ల పడిపోతే ఇవ్వక్కర్లేదట. బంగాళాఖాతం ఒడ్డునున్న జిల్లాలో రోజుల తరబడి ఫోన్లు పోయేది తుఫానుకు కాక మరి దేనికి? గోపాల్‌పూర్ ఇసుకలో పడవ లాగే మన తెలుగు జాలరులు, నోలియాలకు ఈ నిబంధన రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే.

2025 దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ఇంతకంటే మనసున్న చట్టం. లే-ఆఫ్ (పని తాత్కాలికంగా ఆపడం) కారణాల్లో ప్రకృతి వైపరీత్యాన్నీ చేర్చి, అర్హులైన కార్మికులకు సగం జీతం ఇమ్మంది. గాలివాన వచ్చినా ఫ్యాక్టరీ యజమాని బాధ్యత తీరిపోలేదు. మరి కోట్లమంది దగ్గర ముందే డబ్బు కట్టించుకునే ఫోను కంపెనీ బాధ్యత ఎలా తీరిపోయింది? ఎవరు తీర్చారు?

ఒక కంపెనీ టవర్ పడితే మరో కంపెనీ టవర్ మీద ఫోన్లు నడిపే ఇంట్రా సర్కిల్ రోమింగ్ మన దగ్గర ఉంది. తీర ప్రాంత జిల్లాల్లో తుఫాను హెచ్చరిక వెలువడిన క్షణం నుంచే అది నడవాలి. సిగ్నల్ లేని రోజు ఉపాధి పని చూసే మేట్ కాగితం మీద రాసిన హాజరుకు పూర్తి కూలీ ఇవ్వాలి. లాగిన్ లేని రోజును ఉద్యోగి సెలవుల్లోంచి కోయకూడదు. ట్రాయ్ తన నిబంధనల్లోంచి ఆ మినహాయింపు వాక్యాన్ని కొట్టేయాలి, మళ్లీ అక్టోబర్ వచ్చేలోపే.