పెన్న మొగలో ఒక పూట

మన పావగడ తాలూకాలో నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి గుడికి పోయినవారందరూ ఉత్తర పినాకినిని చూచే ఉంటారు. చూచినది ఏటినో, ఇసుకనో, అది వారి వారి అదృష్టం. మా అమ్మ డెబ్బై ఎనిమిదేండ్లలో ఆ ఏరు నిండుగా పారగా చూచినది కొద్దిసార్లే. "ఈ ఇసుకంతా పోయి ఏడ సముద్రంలో కలుస్తుందో ఒక్క తూరి చూపించు నాయనా" అని ఎన్నాళ్ళుగానో అడుగుతూండేది.

ఈ మాఘ మాసంలో అరసికెరె నుంచి ఇంటిల్లిపాదీ నెల్లూరు పోయినాము. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచిన పెన్న ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. గాలాలు, ఎరకు బ్రతికిన రొయ్యలు, మోటారు పడవ, అన్నీ తానే చూచుకుంటానన్న ఒక పడవ మనిషిని మాట్లాడుకొని, విదియనాడు తెల్లవారుజామున బయలుదేరినాము. అతడు ముందే హెచ్చరించినాడు: "పోటులో లోపలికి పోదాం సామీ. పాటు తీయంగానే తిరగాల. నేను చెప్పినప్పుడు చెప్పినట్టు ఇనాల."

మెట్టనాటి మనకు ఈ పోటూ పాటూ కొత్త. సముద్రం దినానికి రెండు మార్లు పొంగి రెండు మార్లు తగ్గుతుంది. ఈ వేళ పొంగినదానికి రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పున్నమి దగ్గర పొంగూ ఎక్కువే, తగ్గూ ఎక్కువే. పోటుతో రొయ్యలూ చిరు చేపలూ మడచెట్ల నడుమ కాలువల్లోకి ఎక్కుతాయి. పాటులో అవి దిగివచ్చే దారిలో, కాలువ నోట పండుగప్ప కాచుకొని ఉంటుంది. ఈ చేప సంగతి వింతగా ఉన్నది. పిల్లగా మగది, కొన్నేండ్లు పెరిగినాక ఆడదవుతుంది. నదిలో తిరిగినా గ్రుడ్లకు ఉప్పునీటికి దిగవలసినదే.

చిక్కంతా ఇక్కడే. మంచి చేప పడే వేళా, తిరిగిపోవలసిన వేళా ఒక్కటే! పాటు మొదలుకాగానే మా పెద్దవాడి గాలానికి మూరెడు పండుగప్ప తగిలినది. "ఇక పోదాం సామీ" అన్నాడు పడవ మనిషి. "ఇంకొక్కటి" అన్నాము. అతడు మరల అన్నాడు, మేమూ మరల అన్నాము. డబ్బిచ్చినవాళ్ళం గదా అనే పొగరు కొంత ఉన్నదని ఒప్పుకోక తప్పదు. మధ్యాహ్నానికి పడవ ఇసుక మేట మీద కూర్చున్నది. నలుగురం దిగి త్రోసినా కదలలేదు. మరో పడవను పిలుద్దామంటే, అదీ ఈ ఇసుకలోనే కూర్చోవాలన్నాడు.

తెచ్చిన రెండు సీసాల నీళ్ళు ఒంటిగంటకే అయిపోయినవి. పిల్లలు ఏడుపు మొదలుపెట్టినారు. అమ్మ నోరు ఎండి మాట తడబడసాగినది. చుట్టూ నీళ్ళే, గుక్కెడు త్రాగేది లేదు. అప్పుడు మాకు నిజంగా భయమేసినది.

పడవ మనిషి ఒక్క మాటా దెప్పలేదు. అమ్మను చేయిపట్టి ఏటికీ సముద్రానికీ నడుమనున్న వెడల్పాటి దిబ్బ మీదికి నడిపించి, తీగలు పాకిన పల్లంలో ఇసుక తోడసాగినాడు. అమ్మ చూచి, "చెలమ! మా నాగలమడికె ఏట్లో మేమూ తవ్వేవాళ్ళం" అన్నది. రెండు మూరల లోతున నీరు ఊరినది. ఊట చాలదని తోచి అమ్మ, "ఇంకా లోతు పోనీ నాయనా" అన్నది.

"వద్దవ్వా, లోతు పోతే ఉప్పు."

వాననీరు ఇసుకలో ఇంకి, తన కంటె బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుందట. పైపైన తోడుకుంటే తియ్యన, ఆశపడి లోతుకు దిగితే క్రిందిది పైకి వస్తుంది. మా ఊళ్ళ బోర్లు గుర్తుకు వచ్చినవి. లోతు పోయిన కొద్దీ ఫ్లోరైడు నీళ్ళు త్రాగి, పండ్లు పచ్చబడి, కీళ్ళు బిగిసిన వారు మనలో ఎందరు!

గుడ్డలో వడగట్టి అమ్మకు మొదట ఇచ్చినాడు. ఆమె రెండు దోసిళ్ళు త్రాగి, "ఇది మా ఏటి నీళ్ళే" అన్నది. కాదని చెప్పడానికి మాకు మనసొప్పలేదు.

పొద్దుగూకినాక పోటు వచ్చి పడవ తేలినది. బాడుగకు మించి ఇవ్వబోతే అతడు తీసుకోలేదు. ఇక పండుగప్ప సంగతి: తడిగోనెలో చుట్టమని అతడు ప్రొద్దున్నే చెప్పినాడు, అదీ మేము వినలేదు. ఎండకు మెత్తబడిపోతే ఏటిలోనే విసిరివేసినాము.