వామి లోపలి వేడి

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు,

నేను సైన్సు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తాతయ్యను.

నా చిన్నప్పుడు ఒక ఏడాది గడ్డి సరిగా ఆరకుండానే మా ఇంట్లో వామి వేశారు. వారం తిరక్కుండా మా నాన్న అందులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, చటుక్కున లాగేసుకున్నాడు. "నువ్వూ పెట్టి చూడరా" అన్నాడు. పైపైన చల్లగా ఉంది, లోపల ఉడికిపోతోంది. ఆ పూటే వామి విప్పి గడ్డి ఆరబోశాం. విప్పకపోతే, నిప్పు తగలకుండానే అంటుకునేది.

2020 మే 7 తెల్లవారుజామున మన ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది ఇలాంటిదే. అక్కడి కర్మాగారం ట్యాంకులో స్టైరీన్ నిలవ ఉంది. ప్లాస్టిక్‌కు అది ముడిసరుకు. దాని అణువులు చేతులు కలుపుకుని గొలుసు కడతాయి. కట్టినప్పుడల్లా కొంత వేడి పుడుతుంది. ఆ వేడికి పక్క అణువులు ఇంకా తొందరపడతాయి. అందుకే ట్యాంకును ఎప్పుడూ చల్లగా ఉంచాలి, గొలుసు కట్టనివ్వని మందు కలుపుతూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూసి ఉన్న నెలన్నరలో ఈ రెండు పనులూ సరిగా జరగలేదు. ఉష్ణోగ్రత కొలిచేది ట్యాంకు అడుగున, వేడి పెరిగింది పైన. వామిని బయట తడిమి చల్లగానే ఉందనుకున్నట్టయింది.

స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ రాత్రి ఆవిరై బయటికి తన్నుకొచ్చింది. ఆ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. అందుకే పైకి పోకుండా నేలబారున ఇళ్ళలోకి పాకింది. 12 మంది చనిపోయారు. కట్టుగొయ్యల దగ్గర పశువులు ఎక్కడివక్కడే పడిపోయాయి. జనాన్ని లేపాల్సిన సైరన్ మోగనే లేదు.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లోనూ ఇంతే. అక్కడి కర్మాగారంలో మిథైల్ ఐసోసైనేట్ అనే విషరసాయనం ఉన్న ట్యాంకులోకి నీళ్ళు చేరి లోపల వేడి రాజుకుంది. చల్లబరిచే యంత్రాన్ని అంతకు కొన్ని నెలల ముందే ఆపేశారు. విషవాయువు బయటికొచ్చి వేల ప్రాణాలు పోయాయి. ముప్పై అయిదేళ్ళ తర్వాత అదే పాఠం మన గుమ్మంలోకి వచ్చింది.

నాయనా, అమ్మా, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఫ్యాక్టరీకి తాళం వేసినా లోపల రసాయనం పని ఆగదు. దాని స్వభావం అది, దాన్ని తప్పుపట్టలేం. ఆ స్వభావం తెలిసీ ఏమరడమే మనిషి తప్పు. ఇంకో మాట, ఎప్పుడైనా విషవాయువు వస్తే గాలి వాటున పరుగెత్తకండి. గాలికి అడ్డంగా, మెరక వైపు వెళ్ళండి.

రేపు మీలో ఎవరో ఒకరు అలాంటి ట్యాంకు పక్కన ఉద్యోగం చేస్తారు. మీటరు బాగానే చూపిస్తోందని సరిపెట్టుకోకండి. మా నాన్నలాగా, లోపలికి చెయ్యి పెట్టి చూడండి.

ఇట్లు,
మీ మేలు కోరే
మాస్టారు తాతయ్య