గుల్లలో దాగిన నాచు

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి కూతురు బెంగుళూరు నుంచి వస్తూ ఒక పొట్లం తెచ్చింది. విప్పి చూద్దును గదా, నల్లటి కాగితాలు! కార్బన్ కాగితాలేమో అనుకున్నాను.

"కాదు పెద్దమ్మా, నోరి. జపానువాళ్ళు అన్నం ముద్దకి చుట్టుకుని తింటారు. సముద్రపు నాచు" అంది.

"నాచా!" అంటూ మా అత్తగారు కుర్చీ ఇంత దూరం జరుపుకున్నారు. ఆవిడ తప్పేముంది? మా ఇంట్లో నాచంటే నూతిగట్టు మీద సున్నం చల్లి, కొబ్బరిపీచుతో రుద్ది వదిలించే శత్రువు. కిందటి వర్షాకాలంలో నేను జారిపడి చెయ్యి బెణికించుకున్నది దానివల్లనే. అలాంటిదాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటారా అని ఆవిడ విస్తుపోయారు. నేను మాత్రం ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను. కొంచెం అప్పడంలా, కొంచెం సముద్రపు గాలిలా, ఏదో ఒకలా ఉంది. బాగాలేదని చెప్పను.

రుచి సంగతి అలా ఉంచి, ఆ కాగితం వెనుక ఒక ఇల్లాలి కథ ఉంది. ఈ వారం అది చెప్పుకుందాం.

జపానులో నోరి సాగు మూడు వందల ఏళ్ళకు పైబడినది. సాగు అనడమే గాని, పూర్వం ఆ రైతులు చేసేదల్లా శరత్కాలంలో లోతు తక్కువ సముద్రంలో వెదురుకొమ్మలు పాతి, ఎదురు చూడడమే. కంటికి కనపడని విత్తనాలు ఎక్కడినుంచో వచ్చి ఆ కొమ్మలకు అంటుకునేవి. చలికాలమంతా ఆకులు సాగేవి, కోసేవారు. వేసవి వచ్చేసరికి నాచు మాయం! మళ్ళీ శరత్తులో ప్రత్యక్షం. ఒక్కొక్క ఏడు ఆ ప్రత్యక్షం కావడమూ ఉండేది కాదు. ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. అందుకే దాన్ని జూదగాళ్ళ గడ్డి అనేవారట.

యుద్ధం ముగిశాక, 1940ల చివర, తుఫానులు తోడై నోరి పంట ఘోరంగా దెబ్బతిన్నది. తుఫాను పోయాక రైతు పరిస్థితి ఏమిటో మన కోస్తావాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే మనకి కనీసం విత్తనాల గాదె ఎక్కడుందో తెలుసు. వాళ్ళకి అదీ తెలియదాయె!

ఆ సంగతి బయటపడింది జపానులో కాదు, ఇంగ్లండులో, మాంచెస్టరులో.

కాథ్లీన్ డ్రూ 1901లో లంకషైరులో పుట్టింది. 1922లో మాంచెస్టరు యూనివర్సిటీలో వృక్షశాస్త్రంలో ప్రథమశ్రేణిలో పట్టా పుచ్చుకుంది. స్కాలర్‌షిప్పు మీద కాలిఫోర్నియాలో రెండేళ్ళు చదివి వచ్చింది. యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పేది. 1928లో హెన్రీ రైట్ బేకర్ అనే మరో అధ్యాపకుణ్ణి పెళ్ళాడింది. అంతే, ఉద్యోగం పోయింది. పెళ్ళైన ఆడవాళ్ళు అక్కడ ఉద్యోగం చెయ్యకూడదని నియమమట.

"మరి మొగుడి ఉద్యోగమో?" అని అడిగారు మా అత్తగారు, అంతదాకా వినడం లేదనుకున్నాను.

"అది నిక్షేపంగా ఉంది లెండి అత్తయ్యగారూ" అన్నాను.

పాఠాలు చెప్పనివ్వకపోయినా, పరిశోధన చేసుకోవడానికి చోటు దొరికింది. ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ ఆవిడ ఎర్రనాచు జాతుల వెంట పడింది. నోరికి దగ్గర చుట్టం ఒకటి బ్రిటన్ తీరపు రాళ్ళమీద పెరుగుతుంది. వేల్సువాళ్ళు దాన్ని మెత్తగా ఉడికించి ముద్దచేసి తింటారు. అది ఒక రూపం నుంచి మరో రూపానికి ఎలా మారుతుందో ఆవిడకి తెలియాలి. ఈ నాచు సిద్ధబీజాలు, అంటే మన లెక్కలో విత్తనాలు, గాజు పాత్రలో ఎంత కాపాడినా సరిగా ఎదిగేవి కావు. ఆవిడ ఆ పాత్రల్లో గుల్లలు వేసి చూసింది.

విత్తనాలు గుల్లలోకి తొలుచుకుపోయాయి! లోపల సన్నటి గులాబిరంగు పోగులుగా అల్లుకుని పెరిగాయి. తమాషా ఏమిటంటే, ఆ పోగుల్ని శాస్త్రజ్ఞులు అంతకు పూర్వమే చూశారు. చూసి, అదేదో వేరే నాచనుకుని, కాంకోసెలిస్ అని పేరుకూడా పెట్టారు. గొంగళిపురుగుకి ఒక పేరు, సీతాకోకచిలుకకి ఒక పేరు పెట్టి, రెండిటికీ చుట్టరికం లేదనుకున్నట్టు! 1949లో డ్రూ ఈ విషయం 'నేచర్' పత్రికలో ప్రకటించింది.

క్యూషూ విశ్వవిద్యాలయంలోని సెగావా సోకిచి అది చదివి, జపాను నోరి మీద అదే పరీక్ష చేశారు. అక్కడా అంతే! వేసవిలో మాయమైన నాచు గుల్లల్లో తలదాచుకుంటోంది. శరత్తులో నీరు చల్లబడి, పగలు కురచ అయ్యేసరికి, గుల్లల్లోంచి కొత్త విత్తనాలు బయటికి వస్తాయి. ఓటా ఫుసావో మొదలైనవారు దీన్ని రైతులకు పనికివచ్చే పద్ధతిగా మలిచారు. తొట్లలో గుల్లలు పేర్చి, వాటిలో నాచుపోగుల్ని వేసవంతా పెంచుతారు. శరత్తులో వాటి విత్తనాలను వలలకు అంటించి, ఆ వలలు తీసుకువెళ్ళి సముద్రంలో కడతారు. నారుమడి పోసి ఊడ్చడమేనన్నమాట! 21 సెంటీమీటర్ల పొడవు, 19 సెంటీమీటర్ల వెడల్పు, మూడు గ్రాముల బరువున్న ఆ కాగితాలు ఇప్పుడు జపానులో ఏటా వందల కోట్లు తయారవుతున్నాయి.

ఆవిడ జపాను చూడనేలేదు. 1957లో, 55 ఏళ్ళకే కన్నుమూసింది. 1963 ఏప్రిల్ 14న అరియాకె సముద్రాన్ని చూస్తున్న ఉటో పట్నంలో ఆవిడకి స్మారకశిల నిలబెట్టారు. ఏటా ఆ తేదీన నోరివాళ్ళు అక్కడ చేరి ఆవిడని తలచుకుంటారు. సముద్రపు తల్లి అని పేరు పెట్టుకున్నారు.

విత్తనం దొరికింది గదా అని జూదం పూర్తిగా పోయిందనుకునేరు. అదే అరియాకె సముద్రంలో 2000 చలికాలంలోనూ, మళ్ళీ 2022 చలికాలంలోనూ నోరి రంగు వెలిసిపోయి పంట పాడయింది. ఈసారి కారణం తెలుసు. డయాటములనే కంటికానని శైవలాలు, అవీ ఒక రకం నాచు కుటుంబమే, విపరీతంగా పెరిగి నీటిలోని నత్రజనిని ముందే తినేశాయి. దాయాదుల పోరు సముద్రంలోనూ తప్పలేదు! సముద్రం వేడెక్కి శరత్తులో త్వరగా చల్లబడకపోవడం ఇంకో బాధ. గుల్లలోని నాచు ఎదురుచూసేది ఆ చల్లదనం కోసమే గదా.

మా పొట్లం సంగతి చెప్పి ముగిస్తాను. మూత సరిగా పెట్టక రెండోరోజుకే మెత్తబడిపోయింది. ఎవరైనా కొంటే గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. మెత్తబడితే పొయ్యి సెగకి రెండు క్షణాలు చూపించండి, మళ్ళీ పెళపెళలాడుతుంది. మా అత్తగారు ఇంకా ముట్టుకోలేదు గాని, ఆ డబ్బాని పచ్చడి జాడీల పక్కన పెట్టనిచ్చారు.