చెప్పిన జీతం, చేతికొచ్చే జీతం

జీఎన్‌ఎమ్, బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన మన ఆడపిల్లలు పని కోసం ఊరు దాటుతున్నారు. కోలారు, బళ్లారి నుంచి బెంగళూరుకు, షోలాపూర్ నుంచి పుణెకు, రాయగడ నుంచి భువనేశ్వర్‌కు, యానాం నుంచి చెన్నైకి. మనం సంఘంలో ప్రార్థించి పంపిస్తున్నాం. కానీ ఆ అమ్మాయి అందుకున్న అపాయింట్‌మెంట్ కాగితం మీద ఆసుపత్రి పేరుందా, ఏజెన్సీ పేరుందా అని అడుగుతున్నామా?

ఒకే వార్డు, ఒకే నైట్ డ్యూటీ. ఒక నర్సుకు ఆసుపత్రే జీతమిస్తుంది, పక్క నర్సుకు ఏజెన్సీ ఇస్తుంది. ఏజెన్సీ చెప్పే అంకె ఒక్కోసారి పెద్దదిగానే ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఏజెన్సీ 22,000 రూపాయలు అందనుకోండి. అందులో యజమాని కట్టాల్సిన పి.ఎఫ్. వాటా కూడా కలిపి ఉండవచ్చు. 15,000 మూలవేతనం మీద 12 శాతం చొప్పున రెండు వాటాలూ పోతే 3,600 తగ్గింది. బయట హాస్టల్‌కు 6,000 అయితే మిగిలేది 12,400. ఆసుపత్రి 19,000 ఇచ్చి, క్వార్టర్స్‌కు 1,500 పట్టుకుంటే? నర్సు వాటా పి.ఎఫ్. 1,800 కూడా పోగా 15,700 మిగులుతుంది. చిన్న అంకె చెప్పిన చోటే ఎక్కువ మిగిలింది.

ఏజెన్సీలన్నీ మోసమని మేము అనడం లేదు. నేరుగా తీసుకుని తక్కువిచ్చే ఆసుపత్రులూ ఉన్నాయి. ప్రభుత్వాలూ ఇందుకు మినహాయింపు కాదు. తమిళనాడులో 2015లో నెలకు 7,700 రూపాయల కన్సాలిడేటెడ్ జీతానికి చేరిన నర్సులు, 2017 నవంబరులో చెన్నైలో నిరసనకు దిగవలసి వచ్చింది.

ప్రైవేటు నర్సుల జీతాలపై కమిటీ వేయమని సుప్రీంకోర్టు 2016 జనవరిలో కేంద్రాన్ని ఆదేశించింది. 200 పడకలు దాటిన ఆసుపత్రి ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతమివ్వాలనీ, 50 పడకల లోపు ఆసుపత్రి కూడా 20,000కు తగ్గకూడదనీ ఆ కమిటీ చెప్పింది. అవి సిఫార్సులే. అయినా జీతం మాట్లాడుకునేటప్పుడు మన చేతిలో ఉండాల్సిన కొలత అది. ఇంకొకటి: కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న యజమాని చెల్లించాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలోని ఈ సూత్రం కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది.

"నర్సు పని సేవ కదా, జీతం గురించి అంత పట్టింపు ఎందుకు?" అనే విశ్వాసులున్నారు. సేవ చేసేది నర్సు. ఆమె సేవను బిల్లులో వేసి వసూలు చేసేది ఆసుపత్రి. పొలం కోసినవారికి బిగపట్టిన కూలి దేవుని చెవిని చేరుతుందని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక వార్డుకూ వర్తిస్తుంది. మన మిషన్ ఆసుపత్రులకు మరీ వర్తిస్తుంది. గోడ మీద వాక్యం రాసుకుని, ఖర్చు తగ్గించుకోవడానికి ఏజెన్సీ చాటున నిలబడటం సాక్ష్యం కాదు.

చెల్లెళ్లారా, తమ్ముళ్లారా, సంతకం పెట్టేముందు అడగండి. కోతలన్నీ పోగా చేతికి ఎంత వస్తుంది? పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. నంబర్లు ఎప్పుడిస్తారు? ఓవర్‌టైమ్‌కు లెక్క ఏమిటి? అనుభవ పత్రం ఎవరి పేరున వస్తుంది? కొత్త రాష్ట్రంలో నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిది? ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా ఉంచవద్దు.

పట్టణ సంఘాలను మేము కోరేదీ ఒకటుంది. నెలలో ఒక ఆదివారం, ఆరాధన తర్వాత, ఒక సీనియర్ నర్సునూ చట్టం తెలిసిన ఒక సహోదరుణ్నీ కూర్చోబెట్టండి. కొత్తగా వచ్చిన పిల్లలు తమ కాగితాలు తెచ్చి చదివించుకోనివ్వండి. వాళ్ల కోసం ప్రార్థన చేసిన సంఘం వాళ్ల జీతం చీటీ కూడా చదవాలి.