తల్లినుండి బిడ్డకు: ఒక వ్యాధి, మన సంఘముల పని

హెచ్.ఐ.వి. గల స్త్రీ గర్భవతియైనచో బిడ్డకును ఆ వ్యాధి తప్పదని మన గ్రామములందు పలువురు నేటికిని తలఁచుచున్నారు. ఇది నిజము కాదు. ఏ చికిత్సయు లేనప్పుడు సైతము నూటికి 15 మొదలు 45 మంది బిడ్డలకే అది సోకును. తల్లి వేళకు మందు మొదలిడి విడువక వాడినచో ఆ సంఖ్య నూటికి 5 లోపునకు దిగును. మన దేశమున ఈ మందు 2004 ఏప్రిలు నుండి ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా లభించుచున్నది.

మందు ఉచితమైనను బిడ్డలేల నష్టపోవలె? ఆసుపత్రికిని ఇంటికిని నడుమనున్న త్రోవలోనే చిక్కున్నదని మా యభిప్రాయము. తొలికానుపునకు పిల్ల పుట్టింటికి పోవును. అత్తవారి యూరిలో మొదలైన మందు అచ్చట ఎవరి కంటఁబడునోయను భయమున ఆగిపోవును. తల్లి మందు వాడుచు ఆరునెలలు చనుబాలు మాత్రమే ఈయవచ్చునని వైద్యులు చెప్పుచుండఁగా, ఇంటిలోని పెద్దది జాలిపడి నడుమ పోతపాలు పట్టును. ఇట్లు రెండును కలిపి ఇచ్చుటయే ప్రమాదము. పురిటిబిడ్డకు ఆరువారములైనను మందు పోయవలె. ఆరవవారమున మొదలు 18వ నెలవఱకు పరీక్షలు జరుగవలె. ఇన్నిమార్లు పచ్చిబాలెంతరాలిని ఆసుపత్రికి కొనిపోవువారెవ్వరు?

దక్షిణాఫ్రికాలో ఈ పనికి ప్రజాసంఘములే పూనుకొనినవి. నెవిరపైన్ అను మందును తయారుచేయు కంపెనీ ఉచితముగా ఇత్తుమన్నను, అచ్చటి ప్రభుత్వము రాష్ట్రమునకు రెండేసి చోట్లనే దానిని ఇచ్చుచుండెను. 1998లో పుట్టిన ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ అను సంఘము వ్యాజ్యమాడఁగా, ఆ కట్టుబాటు తొలఁగింపుఁడని రాజ్యాంగ న్యాయస్థానము 2002 జులై 5న తీర్పు చెప్పెను. 2001లో కేప్‌టౌన్‌లో మొదలైన మదర్స్ టు మదర్స్ అను సంస్థ మఱియొక మార్గము పట్టినది. ఈ వ్యాధి కలిగియు మందు వాడి బిడ్డను కన్న తల్లులకే జీతమిచ్చి, క్రొత్తగా వచ్చు గర్భిణులకు తోడుగా నిలిపినది. డాక్టరు మాటకు తలయూపి ఇంటికడ మానివేయు పిల్ల, తనవంటి కష్టమే దాటిన తల్లి మాట వినును గదా.

ఇది సహకార సంఘపు పనియా యని మనలో కొందఱందురు. వాయిదా తప్పిన సభ్యుని వాకిటికి ముమ్మారు మనిషిని పంపుట మనకు తెలియును. ఆ పట్టుదలలో కొంత గర్భిణీ స్త్రీల పరీక్షలయెడ చూపినఁ జాలును. మహిళా పొదుపు సంఘములవారు ఇందులకు మనకంటె తగినవారు. పరీక్షకు భార్యతోపాటు భర్తయు పోవలెననికూడ మేమందుము. నింద యంతయు ఆఁడుదానిపై మోపుట మగవారికి అలవాటైనది.

ఒక్క జాగ్రత్త. ఎవరి బాకీ ఎంతయో ఊరికంతకు తెలియుట మన సంఘములకున్న జబ్బు. ఈ సంగతి మాత్రము చిట్టాకెక్కరాదు, రచ్చబండకెక్కరాదు. ఒకరి వ్యాధిని వారి సమ్మతిలేక వెల్లడించుట 2017 నాటి చట్టమునకు విరుద్ధము. కావున మేము కోరునది ఇంతే: రాఁబోవు సర్వసభ్య సమావేశమున, గ్రామమందలి గర్భిణులకును బాలెంతలకును అందఱకును ఆసుపత్రి దారిఖర్చులకై కొంత సొమ్ము ప్రత్యేకింపవలెను. ఏ రోగమునకని ఎవ్వరిని అడుగఁగూడదు. అందఱును తీసికొను సొమ్ములో ఎవరి యక్కఱ యేదో ఎవరికిని తెలియదు.