పలకకు కూలి అడిగితే ఊరికి కోపమెందుకు?

పలక కొట్టడం పని. పనికి కూలి ఇయ్యాల. మేం అడిగింది ఇంతే. అయినా గుర్రంకొండ చుట్టుపట్ల పల్లెల్లో ఈ మాట ఎత్తితే చాలు, పెద్దమనుషుల మొగాలు మాడిపోతున్నాయి. "తాతల కాలం నుంచి వస్తున్న ఆనవాయితీరా, దీనికీ లెక్కలేనా?" అంటున్నారు. ఎవరి తాతల కాలం? వాళ్ల తాత అరుగు మీద కూచుంటే మా తాత వాకిట్లో చెప్పులు విడిచి ఎండలో నిలబడి కొట్టిన కాలమా?

పలక మోత ఊరందరికీ తెలుసు. దాని వెనక పని మాత్రం ఎవరూ చూడరు. చెక్కతో గుండ్రంగా చట్రం కట్టాల. తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, చింతగింజల పిండి ఉడికించి అంటించి, బిగలాగి ఎండబెట్టాల. కొట్టే ముందు ప్రతిసారీ మంట వేసి కాక పెట్టాల. వాన తుంపర పడితే తోలు సాగిపోతుంది, మళ్లీ మంట దగ్గరికి పోవాల. ఎడమచేతిలో సన్నపుల్ల, కుడిచేతిలో లావుపుల్ల. జట్టులో ఒకడు దెబ్బ మారిస్తే మిగతా వాళ్లు కన్ను చూసి మారాల. సావు దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు, పెండ్లి ఊరేగింపు దెబ్బ వేరు. చేనులో కలుపు తీసే ఆడబిడ్డ కూడా మోత విని ఊళ్లో ఏం జరిగిందో చెప్పేస్తుంది. ఈ విద్యకు బడి లేదు, సర్టిఫికెట్ లేదు. నాయన పక్కన నిలబడి నేర్చుకున్నదే.

ఇంత పనికి ఊరు ఇచ్చేదేంది? ఒక మందు సీసా, ఒక పాత పంచ, దయ పుడితే చేతిలో నాలుగు నోట్లు. సీసాలో వచ్చిన కూలి ఇంటిదాకా రాదు. దాంతో పొయ్యి వెలగదు. ఈ సంగతి మా ఆడోళ్లు మాకంటే ముందే పట్టుకున్నారు.

సావు సంగతే చూడండి. కొడుకు కువైట్ నుంచి రావాలని శవాన్ని ఫ్రీజర్ పెట్టెలో రెండు రోజులు ఉంచుతారు. పెట్టెకు రోజుకింతని బాడిగ కడతారు. షామియానాకు బాడిగ, కుర్చీలకు బాడిగ, పూల బండికి బాడిగ. రెండు పగళ్లూ రెండు రాత్రులూ వాకిట్లో కాచుకున్న మాకు మాత్రం ఆనవాయితీ. పెట్టె బాడిగ అడిగినోడిని "తాతల కాలం" అని ఎవరూ తిట్టరు.

అదే ఇంట్లో పెండ్లి అయితే మేం పనికిరాం. మదనపల్లె నుంచి బ్యాండ్ సెట్టు వస్తుంది, డీజే బండి వస్తుంది. ఫోన్‌లోనే రేటు తెగుతుంది, అడ్వాన్స్ ముందే పడుతుంది. ఆ బ్యాండ్‌లో ఎర్ర కోటు తొడుక్కుని డ్రమ్ము కొట్టే పిల్లోడు చాలాసార్లు మా పల్లెవాడే. కోటు తొడిగితే "మాస్టరూ, భోంచేసి పోండి". పలక పడితే అరవై ఏండ్ల ముసలాయనకైనా "ఒరే". అదే చెయ్యి, అదే తాళం.

ఒకప్పుడు పంటల కాలంలో కళ్లం దగ్గర మేర కొలిచేవాళ్లు. అది కూలి కాదు, బిచ్చం లాగా విదిలించేవాళ్లు, అయినా గింజలన్నా ఇంటికి చేరేవి. ఇప్పుడు ఈ నేలంతా టమేటా అయింది. కళ్లం లేదు, మేర లేదు. వెట్టి మాత్రం పోలేదు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం వంశపారంపర్య కరణం, మునసబు పదవులు తీసేసింది. ఊళ్లో పెత్తనం చేసే వంశహక్కు చట్టంతో పోయింది. మా నాయన తర్వాత నేనే కొట్టాలనే వంశవెట్టి మాత్రం ఊరికి ఇంకా ముద్దుగానే ఉంది. టమేటా ధర పడిపోతే రైతు పెట్టెలకు పెట్టెలు రోడ్డు మీద పారబోసి గిట్టుబాటు ధర అడుగుతాడు. అడగాల్సిందే, ఆ తోటలో కాయలు కోసేది మేమే కాబట్టి మేమూ పక్కన నిలబడతాం. అదే రైతు మేం ధర అడిగితే "వీళ్లకు పొగరు పట్టింది" అంటాడు.

దేవుడి దగ్గరా ఇదే వరస. మా మండలంలోనే తరిగొండ ఉంది. వెంగమాంబ పుట్టిన ఊరు, లక్ష్మీనరసింహస్వామి గుడి. గుడి మేళం అంటే నాదస్వరం, డోలు. వాటికి తిరుపతిలో దేవస్థానం పాఠశాలే నడుపుతోంది. మంచిదే, ఆ వాయిద్యగాళ్లూ కష్టజీవులే, వాళ్లతో మాకు పేచీ లేదు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ, చౌడేపల్లె బోయకొండ గంగమ్మ, కుప్పం గంగమ్మ: ఈ సీమలో గంగమ్మ జాతర పలక లేకుండా జరగడం ఎవరన్నా చూశారా? అమ్మను లేపడానికి మా దెబ్బ కావాల. లేచినాక మేం ఎడంగా నిలబడాల.

ఇక మనలో మనకున్న వాదన. చదువుకున్న మన పిల్లలు కొందరు "పలకే మన బానిసత్వం, మంటలో వెయ్యండి" అంటున్నారు. వాళ్ల కడుపుమంట మాకు తెలుసు. తమిళనాట పరై కొట్టేది లేదని పల్లెలకు పల్లెలు మొండికేసిన చరిత్ర ఉంది. ఆ తమిళనాటనే మదురై పరై కళాకారుడు వేలు ఆసాన్‌కు 2025లో పద్మశ్రీ వచ్చింది. మన దగ్గర 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం ఊరి చాటింపు మాటనే ఎత్తుకుని "దండోరా" అని పేరు పెట్టుకుంది. యాడో సముద్రం మధ్యలోని ట్రినిడాడ్ దీవిలో నల్లవాళ్ల డ్రమ్ముల మీద 1880లలో తెల్ల ప్రభుత్వం నిషేధం పెట్టింది. వాళ్ల బిడ్డలు తర్వాత పాత నూనె పీపాలను సుత్తితో కొట్టి స్టీల్ పాన్ చేసుకున్నారు. 1992లో అది ఆ దేశపు జాతీయ వాయిద్యమైంది.

బాబాసాహెబ్ దారి చూడండి. మహారాష్ట్రలో మహర్లు ఊరి చాకిరీ చేయాల, బదులుగా చారెడు వతను భూమి, ఇంత గింజలు. ఆ కట్టును తెంచాలని ఆయన 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. ఆయన తప్పుపట్టింది పనిని కాదు. పుట్టుకతో మెడకు కట్టిన పనిని. కాబట్టి పలక ఉంచుకునేవాడు ఉంచుకోనీ, పారేసేవాడు పారేయనీ. కొట్టను అనే హక్కు ఉన్నోడికే కొట్టడానికి రేటు చెప్పే బలం ఉంటది.

సన్మానాలతో మాత్రం మోసపోవద్దు. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కూలికి పోతున్నాడని పత్రికలే రాసినాయి. మన రాష్ట్రంలో డప్పు కళాకారుల పింఛను 2024లో నెలకు రూ.4,000 అయింది. అది కూడా 50 ఏండ్లు నిండినోళ్లకే. దాన్ని చూపించి "గవర్నమెంటు ఇస్తోంది కదరా, మళ్లీ మేమెందుకు?" అనేవాళ్లు తయారైనారు. పింఛను ప్రభుత్వం ఇచ్చేది. కూలి పిలిచినోడు ఇచ్చేది.

ఈ జాతరల కాలం నుంచి మాలైనా మాదిగైనా పలక జట్లన్నీ ఒక్క మాట మీద ఉండాలని మా ప్రతిపాదన. పుల్ల తీసే ముందే రేటు మాట్లాడుకోవాల. డబ్బు మందు రూపంలో కాదు, జట్టు పెద్ద చేతికి నోట్లుగా రావాల. పేరు పెట్టి పిలవాల. అందరికీ పెట్టిన బంతిలోనే అన్నం పెట్టాల. ఒక జట్టు కాదన్న చోటికి ఇంకో ఊరి జట్టు తక్కువకు పోకూడదు. ఇది మన చేతుల్లోని పని, ముందుగా తప్పేదీ ఇక్కడే.

పనులకు పిలవం, దారి మూస్తాం, అంగట్లో సరుకు ఇవ్వం అని బెదిరిస్తే దానికి చట్టం ఉంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(హెచ్) కింద వెట్టి చేయించడం, 3(1)(జెడ్‌సి) కింద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చేయడం, చేస్తామని బెదిరించడం కూడా నేరాలే. ఆరు నెలల నుంచి అయిదేండ్ల దాకా జైలు. "ముందు విచారించి చూస్తాం" అని ఎస్సై తిప్పి పంపడానికి లేదు. 2018లో చేర్చిన 18-ఎ ప్రకారం కేసు కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాల. ఫిర్యాదులో తేదీ, చోటు, అన్న మాట అన్నట్టే రాయండి, విన్నోళ్ల పేర్లు రాయండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే కాగితం జిల్లా ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రసీదు జట్టు పెద్ద దగ్గర దాచిపెట్టండి.